కాలేయం గడప దాటని ప్రోటీన్



మన రక్తంలో బ్యూటిరిల్‌కోలినెస్టరేస్ అనే ప్రోటీన్ ఒకటి తిరుగుతూ ఉంటుంది. ఆస్పత్రి ల్యాబుల్లో దాన్ని సూడోకోలినెస్టరేస్ అంటారు. పేరు పొడుగ్గా ఉంది కాబట్టి ఈ పూటకి కోలినెస్టరేస్ అనే పిలుచుకుందాం. దాన్ని తయారు చేసి రక్తంలోకి వదిలేది కాలేయం. అది బొత్తిగా లేకపోయినా రోజువారీ బతుక్కి ఏ లోటూ రాదు. లేనివాళ్ళు నిక్షేపంగా పెరుగుతారు, చదువుకుంటారు, పెళ్ళిళ్ళు చేసుకుంటారు, మనవల్ని ఎత్తుకుంటారు. తమ రక్తంలో ఆ ప్రోటీన్ లేదన్న సంగతి చాలామందికి జన్మలో తెలియదు. తెలిస్తే తెలిసేది దాదాపుగా ఒకే ఒక్క చోట, ఆపరేషన్ బల్ల మీద.

ఎలాగంటే, ఆపరేషన్‌కి పూర్తి మత్తు ఇచ్చినప్పుడు రోగి శ్వాసనాళంలోకి గొట్టం దించాలి. అందుకు గొంతు కండరాలు పూర్తిగా వదులు కావాలి. ముఖ్యంగా అత్యవసరంగా చేసే ఆపరేషన్లలో దీనికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. థియేటర్ భాషలో అది స్కోలిన్. 1951 నుంచి మత్తు వైద్యంలో వాడుకలో ఉన్న మందు. రక్తనాళంలోకి ఎక్కించిన నిమిషంలోపే ఒంట్లో కండరాలన్నీ సడలిపోతాయి, ఊపిరి తీసే కండరాలతో సహా. మామూలుగా ఐదు పది నిమిషాల్లో దాని పట్టు దానంతటదే వదిలిపోతుంది, ఊపిరి తిరిగి అందుకుంటుంది. అంత త్వరగా వదులుతుంది కాబట్టే డాక్టర్లు దాన్ని నమ్ముతారు.

కొద్దిమందికి మాత్రం వదలదు. అరగంట గడుస్తుంది, గంట గడుస్తుంది, కొందరికి చాలా గంటలే పడుతుంది. ఆపరేషన్ ముగిసినా మనిషి తనంతట తాను ఊపిరి తీసుకోలేడు, కనురెప్ప ఎత్తలేడు, వేలు కదపలేడు. వెంటిలేటర్ మీద ఉంచి, మత్తు కొనసాగిస్తూ, ఓపిగ్గా కనిపెట్టుకుని ఉంటే పూర్తిగా కోలుకుంటాడు. కానీ కారణం ఏమిటో తెలియని చోట, వెంటిలేటర్ సిద్ధంగా లేని చోట అది ప్రాణాంతకం. కారణం తెలియక మత్తు ముందే ఆపేస్తే ఇంకో నరకం ఉంది. మనిషికి తెలివి వచ్చేస్తుంది, కానీ ఒళ్ళు కదలదు, తెలివి వచ్చిందని చెప్పడానికి నోరు రాదు.

ఈ లోపం ప్రపంచంలో అన్ని జాతుల్లోనూ అరుదుగా కనిపిస్తుంది. అయితే మన తెలుగువాళ్ళలో ఒక సమాజంలో, ఆర్యవైశ్యుల్లో, మిగతా జనంతో పోలిస్తే సుమారు 100 రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. దీని గురించి అంతర్జాతీయ పత్రికల్లో వ్యాసాలు వచ్చాయి. రాజాం బజారులో, పార్వతీపురంలో, సాలూరులో, నరసన్నపేటలో, విజయనగరంలో మనం రోజూ సరుకు కొనుక్కునే ఇళ్ళవాళ్ళ విషయం ఇది. అందుకే ఇవాళ ఇది ఉత్తరాంధ్ర శ్రోతలతో మాట్లాడాలనిపించింది. సంగతి పైకి మత్తుమందుదిలా కనిపిస్తుంది గానీ, లోతుకి వెళితే జీవకణం అంతా ఎలా నడుస్తుందో చూపించే కథ ఇది. ఎందుకంటే ఆ మనుషుల కాలేయం ఆ ప్రోటీన్‌ని తయారు చేయడం మానలేదు. తయారు చేస్తూనే ఉంది. తయారైన ప్రోటీన్ కణం దాటి బయటికి రావడం లేదు.

ముందు ఆ మందు ఎందుకు వదులుతుందో చూద్దాం. మన నరం చివర నుంచి కండరానికి 'కదులు' అన్న ఆజ్ఞ ఎసిటైల్‌కోలిన్ అనే చిన్న రసాయనం రూపంలో అందుతుంది. రెండు ఎసిటైల్‌కోలిన్ అణువులని ఒకదానికొకటి అతికిస్తే వచ్చేదే సక్సినైల్‌కోలిన్. కండరం మీద ఉన్న గ్రాహకానికి అది అతుక్కుని, విడవకుండా పట్టుకుని, కండరాన్ని పనిలేకుండా చేస్తుంది. నరం చివర మామూలు ఎసిటైల్‌కోలిన్‌ని క్షణంలో విరగ్గొట్టే ఎంజైమ్ వేరే ఉంది, కానీ దానికి ఈ జంట అణువు లొంగదు. లొంగేది రక్తంలో ఉన్న మన కోలినెస్టరేస్‌కే. సూదితో ఎక్కించిన మందులో ఎక్కువ భాగాన్ని అది కండరం చేరకముందే రక్తంలోనే విరగ్గొట్టేస్తుంది. చేరిన కాస్త కూడా మళ్ళీ రక్తంలోకి రాగానే విరిగిపోతుంది. రక్తంలో ఆ ఎంజైమ్ లేని మనిషికి అదే మామూలు మోతాదు పదింతల మోతాదులా పనిచేస్తుంది.

ఇక కాలేయ కణంలోకి వెళదాం.

కణం అనగానే బడి పుస్తకంలో గీసిన గుండ్రటి బొమ్మ గుర్తొస్తుంది. ఆ బొమ్మలో కేంద్రకం పక్కన ముడతలు ముడతలుగా గీసిన పొరల గుంపు ఉంటుంది. అంతర్జీవ ద్రవ్యజాలం అని పదో తరగతిలోపే అందరం చదువుకున్నాం. కాలేయ కణంలో ఉన్న పొరలన్నీ కలిపితే అందులో సగం దాకా ఇదే. దాని పైతలం మీద చుక్కలు చుక్కలుగా కనిపించేవి రైబోజోములు, ప్రోటీన్లు తయారయ్యే చోట్లు. కొన్ని రైబోజోములు ఆ పొర మీద కూర్చుని ఉంటాయి, కొన్ని కణద్రవంలో విడిగా తిరుగుతూ ఉంటాయి. రొమేనియాలో పుట్టి న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో పనిచేసిన జార్జ్ పెలాడే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద వీటిని చూశాడు. కణం బయటికి పంపాల్సిన ప్రోటీన్లన్నీ పొర మీది రైబోజోముల దగ్గర మొదలై, ఆ పొరల లోపలి నుంచే ప్రయాణం చేసి బయటపడతాయని రుజువు చేశాడు. 1974లో ఆయనకి నోబెల్ బహుమతిలో వాటా దక్కింది.

కానీ పెద్ద చిక్కు అలాగే మిగిలింది. పొర మీద ఉన్న రైబోజోమ్‌కీ విడిగా తిరిగే రైబోజోమ్‌కీ తేడా ఏమీ లేదు. రెండూ ఒకటే యంత్రం. మరి ఏ ప్రోటీన్ తయారు చేస్తున్న రైబోజోమ్ పొర దగ్గరికి వెళ్ళాలో, ఏది వెళ్ళకూడదో నిర్ణయించేది ఎవరు?

విజయనగరం జంక్షన్ మనందరికీ తెలిసిందే. హౌరా–చెన్నై ప్రధాన మార్గంలో వచ్చే బండ్లలో రాయగడ, రాయ్‌పూర్ వైపు పోవాల్సినవి అక్కడ పార్వతీపురం లైను ఎక్కుతాయి. ఇంజనూ ఒకలాంటిదే, పెట్టెలూ ఒకలాంటివే. ఏ బండి ఏ లైను ఎక్కాలన్నది అది పోవాల్సిన ఊరిని బట్టి ఉంటుంది. కణంలోనూ రైబోజోములన్నీ ప్రధాన మార్గం మీదే, అంటే కణద్రవంలోనే పని మొదలుపెడతాయి. తయారవుతున్న ప్రోటీన్ ముందు భాగంలో పోవాల్సిన ఊరు రాసి ఉంటే, అది కనపడగానే ఆ రైబోజోమ్‌ని ఆపి, పొరల వైపు మళ్ళిస్తారు.

ఈ సంగతి కనిపెట్టిన మనిషి గుంటర్ బ్లోబెల్. ఆయన గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకి పోలేను. 1936లో, అప్పటి జర్మనీలో ఉన్న, ఇప్పుడు పోలండ్‌లో ఉన్న సైలీషియా ప్రాంతంలో ఒక పల్లెలో పుట్టాడు. యుద్ధం చివర్లో, ఎనిమిదేళ్ళ పిల్లవాడిగా, ఇల్లు వదిలి పారిపోతున్న కుటుంబంతో డ్రెస్డెన్ నగరం మీదుగా వెళ్ళాడు. ఆ ఊరి మేడలూ గోపురాలూ చూసి కళ్ళు తిప్పుకోలేకపోయాడు. కొద్ది రోజులకే, 1945 ఫిబ్రవరిలో, బాంబుల వర్షంలో ఆ నగరం తగలబడిపోతుంటే ఎర్రబడ్డ ఆకాశాన్ని దూరం నుంచి చూశాడు. 1999లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఆయన ఒక్కడికే వచ్చినప్పుడు, దాదాపు ఆ డబ్బంతా డ్రెస్డెన్‌లో కూలిన చర్చి పునర్నిర్మాణానికీ, అక్కడి యూదుల ప్రార్థనా మందిరానికీ ఇచ్చేశాడు. 2018 ఫిబ్రవరిలో కన్నుమూశాడు.

పెలాడే దగ్గరే పనిచేసిన బ్లోబెల్, తన సహచరుడు డేవిడ్ సబటీనీతో కలిసి 1971లో ఒక ఊహ చేశాడు. ప్రోటీన్‌కి పోవాల్సిన చోటు ఎవరూ బయటి నుంచి చెప్పరు, అది ప్రోటీన్ ముందు భాగంలోనే రాసి ఉంటుందని. అప్పటికి దానికి రుజువు లేదు. మరుసటి ఏడాది కేంబ్రిడ్జ్‌లో సీజర్ మిల్‌స్టీన్ బృందం ఒక యాంటీబాడీ ముక్క తొలుత ఉండాల్సిన దానికన్నా కాస్త పొడుగ్గా తయారవుతుందని గమనించింది. ఆ అదనపు తోక ముందు వైపు ఉంది, చివరికి బయటికి వచ్చిన ప్రోటీన్‌లో అది లేదు.

1975లో బ్లోబెల్, బర్నార్డ్ డాబర్‌స్టైన్ కలిసి చేసిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. అంత తేటగా ఉంటుంది. కణాన్ని పూర్తిగా పక్కన పెట్టేసి, గాజు గొట్టంలో పని నడిపించారు. ఎలుక కణితి నుంచి యాంటీబాడీ తయారీకి కావలసిన సందేశ ఆర్‌ఎన్‌ఏ తీసుకున్నారు. కుక్క క్లోమగ్రంథి నుంచి పొరలు తీసుకున్నారు. గొట్టంలో పొరలు లేనప్పుడు పొడవాటి ప్రోటీన్ తయారైంది, తోక అలాగే ఉంది. అంతా తయారయ్యాక పొరలు కలిపితే ఏమీ జరగలేదు, ప్రోటీన్ బయటే ఉండిపోయింది. తయారవుతున్నప్పుడే పొరలు ఉంటే మాత్రం ప్రోటీన్ పొర లోపలికి చేరింది, తోక తెగిపోయింది. లోపలికి చేరిందని ఎలా తెలుసంటే, ప్రోటీన్లని కొరికేసే ఎంజైమ్ వేసినా దానికి ఏమీ కాలేదు, పొర అడ్డుంది. అంటే ఆ ప్రయాణం ప్రోటీన్ తయారవుతూ ఉండగానే జరగాలి. తయారై మడతపడిపోయాక ఈ దారి దొరకదు.

ఆ ముందు తోకనే సిగ్నల్ పెప్టైడ్ అంటారు. సాధారణంగా 15 నుంచి 30 అమైనో ఆమ్లాల పొడవు ఉంటుంది. నడిమి భాగంలో నీళ్ళంటే గిట్టని, కొవ్వంటే ఇష్టపడే అమైనో ఆమ్లాలు వరుసగా ఉంటాయి. చిత్రం ఏమిటంటే, అక్షరాలు అన్నింటికీ ఒకటే కావు. ఒక్కో ప్రోటీన్‌కి ఒక్కో రాత. ఉమ్మడిగా ఉన్నది ఆ కొవ్వు స్వభావం ఒక్కటే, దాన్ని బట్టే గుర్తుపడతారు. మనిషి సిగ్నల్‌ని ఈస్ట్ కణం గుర్తుపడుతుంది, చాలాసార్లు బాక్టీరియా కూడా గుర్తుపడుతుంది. అంత పాత ఏర్పాటు ఇది.

గుర్తుపట్టే వ్యవస్థని 1980 నుంచి 1982 మధ్య బ్లోబెల్ శిష్యుడు పీటర్ వాల్టర్ వెలికితీశాడు. ఆరు ప్రోటీన్లు, సుమారు 300 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ ఒకటి కలిసిన చిన్న కణిక అది. రైబోజోమ్ నుంచి సిగ్నల్ బయటికి తొంగిచూడగానే దాన్ని పట్టుకుంటుంది, తయారీని నెమ్మదింపజేస్తుంది, రైబోజోమ్‌ని మొత్తంగా తీసుకెళ్ళి పొర మీద ఉన్న గ్రాహకానికి అప్పగిస్తుంది. అక్కడ పొరలో సెక్ 61 అనే సన్నటి ద్వారం ఉంది. ఈస్ట్ కణాల మీద పనిచేసిన ర్యాండీ షెక్‌మన్ ప్రయోగశాలలో 1987లో ఆ జన్యువు ఆచూకీ దొరికింది. రైబోజోమ్ ఆ ద్వారం నోటికి అతుక్కుంటుంది, తయారీ మళ్ళీ ఊపందుకుంటుంది, ప్రోటీన్ గొలుసు తయారవుతున్నకొద్దీ నేరుగా పొర లోపలి వైపు దిగిపోతుంది. సిగ్నల్ పని అయిపోయింది కాబట్టి ఒక ఎంజైమ్ దాన్ని కత్తిరించేస్తుంది.

కొన్ని ప్రోటీన్లు లోపలికి పూర్తిగా దిగవు. గొలుసు నడుమ ఇంకోచోట 20 వరకు కొవ్వు ఇష్టపడే అమైనో ఆమ్లాలు వరుసగా వస్తే ద్వారం పక్కకి తెరుచుకుని ఆ భాగాన్ని పొరలోకే జారవిడుస్తుంది. ప్రోటీన్ అక్కడే పొరలో నాటుకుపోతుంది. ఇందాక చెప్పిన స్కోలిన్ వెళ్ళి అతుక్కునే కండరం మీది గ్రాహకం ఉంది చూశారూ, అది ఐదు ముక్కల ప్రోటీన్. ఆ ముక్కలన్నీ సరిగ్గా ఇదే ద్వారం గుండా ఇలాగే పొరలో నాటుకున్నవి. మందు పనిచేయడానికి కావలసిన గ్రాహకం, మందుని వదిలించడానికి కావలసిన ఎంజైమ్, రెండూ ఒకే గుమ్మం దాటి వచ్చినవే. మన ఒంట్లో ప్రోటీన్లు తయారు చేసే జన్యువులు సుమారు 20,000. వాటిలో మూడో వంతు ప్రోటీన్లు ఈ గుమ్మం గుండానే పోవాలి. రక్తంలో ఆల్బుమిన్, యాంటీబాడీలు, పాలల్లో ప్రోటీన్లు, అన్నీ. ఇన్సులిన్ కూడా. అది మొదట 110 అమైనో ఆమ్లాల గొలుసు, అందులో తొలి 24 సిగ్నల్. ద్వారం దాటగానే అవి తెగిపోతాయి, ఆ తర్వాత ఇంకో ముక్క తెగిపోయి చివరికి రక్తంలో చేరేది 51.

మన కోలినెస్టరేస్ మొత్తం 602 అమైనో ఆమ్లాల గొలుసుగా మొదలవుతుంది. సెకనుకి అయిదు చొప్పున కలుపుకుంటూ పోయే రైబోజోమ్‌కి అది రెండు నిమిషాల పని. తొలి 28 సిగ్నల్. రైబోజోమ్ లోపల ఒక సొరంగం ఉంది, అందులో 30 నుంచి 40 అమైనో ఆమ్లాలు ఎప్పుడూ దాగి ఉంటాయి. కాబట్టి అరవై డెబ్భై కలిసేసరికి సిగ్నల్ పూర్తిగా బయటపడుతుంది, పట్టుబడుతుంది, పొర చేరుతుంది. 28 తెగిపోతాయి, 574 మిగులుతాయి. పొర లోపల ఆ గొలుసుకి తొమ్మిది చోట్ల చక్కెర కొమ్మలు తగిలిస్తారు. సరిగ్గా మడతపడడానికి సాయం చేసే ప్రోటీన్లు చుట్టూ చేరతాయి. మడత కుదిరాక అవి నాలుగేసి కలిసి ఒక జట్టుగా ఏర్పడి, గాల్జీ సంక్లిష్టం మీదుగా రక్తంలోకి వెళతాయి.

ఇప్పుడు లోపం సంగతి. కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయంలో పరిశోధకులు ఆ ప్రాంతపు వైశ్య కుటుంబాల్లో రక్తంలో ఈ ఎంజైమ్ బొత్తిగా లేనివాళ్ళని పరిశీలించారు. అమెరికా నెబ్రాస్కాలో, జర్మనీ డార్మ్‌స్టాట్‌లో ఉన్న సహచరులతో కలిసి 2006లో ఆ వివరాలు ప్రచురించారు. వాళ్ళందరి జన్యువులో ఒకే చోట ఒకే అక్షరం మారింది. అక్కడ టి ఉండాల్సిన చోట సి ఉంది. దానివల్ల ప్రోటీన్‌లో 307వ అమైనో ఆమ్లం ల్యూసిన్ బదులు ప్రోలిన్ అయింది. ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. ఇదే మార్పుని కొన్ని ల్యాబు నివేదికల్లో 335వ స్థానం అని రాస్తారు. రెండూ సరైనవే. రక్తంలోకి రావాల్సిన ప్రోటీన్ నుంచి లెక్కపెడితే 307, తయారీలో మొదటి అమైనో ఆమ్లం నుంచి లెక్కపెడితే 335. తేడా 28. అవే తెగిపోయే సిగ్నల్ అమైనో ఆమ్లాలు. నివేదిక పట్టుకుని వేరే ఊరు వెళ్ళిన కుటుంబం ఇది రెండు వేర్వేరు జబ్బులేమో అని కంగారు పడకూడదు.

ప్రోలిన్ మిగతా అమైనో ఆమ్లాల్లా ఒంగదు. మెలికల మడతలో అది దూరితే ఆ మెలిక విరిగిపోతుంది. పరిశోధకులు ఈ మార్పు ఉన్న ప్రోటీన్‌ని ప్రయోగశాలలో పెంచిన మనిషి కణాల్లో తయారు చేయించి చూశారు. ప్రోటీన్ కణం లోపల కనిపించింది. కణం బయట ద్రవంలో మాత్రం లేదు. సిగ్నల్‌లో ఏ తప్పూ లేదు. పట్టే కణిక పట్టింది, ద్వారం తెరుచుకుంది. తప్పు లోపలికి వెళ్ళాక, మడత దగ్గర జరిగింది. పొర లోపల ఉన్న కాపలా ప్రోటీన్లు మడత కుదరని ప్రోటీన్‌ని ముందుకి పోనివ్వవు. అలా ఆగిపోయిన ప్రోటీన్లని కణం మామూలుగా చాలాసేపు కనిపెట్టి, ఇక కుదరదని తేలాక మళ్ళీ పొర గుండా వెనక్కి లాగి ముక్కలు చేసి, అమైనో ఆమ్లాలుగా తిరిగి వాడుకుంటుంది. కణం చేసింది మంచి పనే. చెడిన ప్రోటీన్లన్నీ బయటికి వదిలేస్తే ఒళ్ళు నిలవదు. ఆ కాపలా ఖరీదు ఈ ఒక్క ఎంజైమ్ విషయంలో రక్తంలో సున్నాగా కనిపిస్తోంది.

టొరంటోలో వెర్నర్ కాలో 1957 నాటికే ఐరోపా జాతుల్లో ఇంకో రకం లోపాన్ని కనిపెట్టాడు. వాళ్ళలో ప్రోటీన్ రక్తంలోకి వస్తుంది, కానీ మందుని సరిగ్గా పట్టుకోలేదు. సుమారు 3,000 మందిలో ఒకరికి ఆ ఇబ్బంది ఉంటుంది. ఆపరేషన్ బల్ల మీద ఇద్దరికీ ఒకేలా ఊపిరి ఆగుతుంది. ఒకరి ప్రోటీన్ వచ్చినా పని చేయదు, ఇంకొకరి ప్రోటీన్ రానే రాదు. లక్షణం చూసి జబ్బు మూలం తేల్చలేమనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇంత ఎక్కువగా ఈ ఒక్క సమాజంలోనే ఎందుకు? దీనికి జవాబు హైదరాబాద్ సీసీఎంబీలో కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌లో డేవిడ్ రైక్ బృందాలు 2017లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో రాశాయి. దక్షిణాసియాలో 260కి పైగా సమూహాల నుంచి 2,800 మందికి పైగా మనుషుల జన్యువులు చూశారు. వాటిలో 81 సమూహాలు గతంలో ఎప్పుడో చాలా కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చి, తరతరాలుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకుంటూ వచ్చాయని తేలింది. జన్యు జబ్బుల పాఠాల్లో ఎప్పుడూ ఉదాహరణగా చెప్పే ఫిన్లాండ్ ప్రజలకన్నా, అష్కెనాజీ యూదులకన్నా కూడా ఈ సమూహాల జన్యువుల్లో కొద్దిమంది పూర్వీకుల గుర్తు బలంగా ఉంది. 30 లక్షలకి పైబడిన జనాభా ఉన్న వైశ్యుల్ని వాళ్ళు ప్రత్యేకంగా ప్రస్తావించారు, కారణం ఈ కోలినెస్టరేస్ లోపమే. ఆ తొలి పూర్వీకుల్లో ఒకరిలో ఉన్న ఒక్క అక్షరం మార్పు, సమాజం పెరిగినకొద్దీ చాలామందిలోకి చేరింది.

ఇక్కడ మన ప్రాంతంలో బాగా పాతుకుపోయిన ఒక నమ్మకాన్ని సరిచేయాలి. మేనరికం చేసుకోకపోతే ఇలాంటి జబ్బులు రావని ఉత్తరాంధ్రలో చాలామంది అనుకుంటారు. మేనమామ కూతురినీ మేనత్త కొడుకునీ చేసుకునే కుటుంబాల్లో ప్రమాదం ఎక్కువే, అందులో సందేహం లేదు. కానీ చిన్న మూలం నుంచి వచ్చిన సమాజంలో గోత్రాలు వేరైనా, ఊళ్ళు వేరైనా, చుట్టరికం ఏదీ తెలియకపోయినా భార్యాభర్తలిద్దరూ ఒకే పూర్వీకుడి మార్పుని మోస్తూ ఉండవచ్చు. ఇద్దరూ మోస్తుంటే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఇది ఒక్క వైశ్యుల సంగతే కాదు. ఆ 81 సమూహాల్లో ఒక్కోదానికి ఒక్కో మార్పు ఉండవచ్చు, కొన్ని ఇలా నిశ్శబ్దంగా ఉండవు, పసిబిడ్డల ప్రాణాల మీదికి తెస్తాయి. ఇందులో ఎవరినీ వేలెత్తి చూపాల్సిన పని లేదు. ఒక సమాజం గురించి ఇంత తెలియడం ఆ సమాజానికి రక్షణ.

మన జిల్లాలకి సంబంధించి ఇంకో కోణం ఉంది, ఇది నర్సులకీ, ఆశా కార్యకర్తలకీ, డ్యూటీ డాక్టర్లకీ చెప్పాలి. వరి, పత్తి, జీడిమామిడి పండే మన పల్లెల్లో పురుగుమందు విషాలు కొత్త కాదు. కొట్టేటప్పుడు పీల్చినవాళ్ళూ, బతుకు భారమై తాగినవాళ్ళూ ఆస్పత్రికి వస్తారు. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులు కోలినెస్టరేస్‌లని పనిచేయకుండా చేస్తాయి. అందుకే రక్తంలో సూడోకోలినెస్టరేస్ ఎంత ఉందో చూసి విషం ఎక్కిందా లేదా అంచనా వేస్తారు. పుట్టుకతోనే ఆ ప్రోటీన్ రక్తంలోకి రాని మనిషికి వేరే ఏదో జబ్బు చేసి ఈ పరీక్ష చేస్తే రిపోర్టులో దాదాపు సున్నా వస్తుంది, ఒక్క చుక్క మందు తాకకపోయినా. ఆ మనిషి నోట లాలాజలం కారడం, కంటిపాప సూదిమొనంత అవడం, చెమటలు పట్టడం లాంటి లక్షణాలు లేకుండా కాగితం మీద సున్నా ఒక్కటే చూసి విషం అనుకోకూడదు. పోలీసు కేసు అయ్యే చోట, ఇంటి కోడలు విషం తాగిందన్న మాట ఊళ్ళో పాకే చోట, ఆ సున్నా ఒక కుటుంబాన్ని కూల్చేయగలదు. లక్షణాలు లేకుండా సున్నా వస్తే తల్లిదండ్రులకీ అన్నదమ్ములకీ కూడా అదే పరీక్ష చేసి చూడాలి. వాళ్ళలో కూడా తక్కువ కనిపిస్తే సంగతి తేలిపోతుంది.

తక్కువ రావడానికి వేరే కారణాలూ ఉన్నాయి. కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్ళలో, గర్భిణుల్లో కూడా ఈ ఎంజైమ్ తగ్గుతుంది. అది పుట్టుకతో వచ్చింది కాదు. పుట్టుకతో వచ్చినదాంట్లో తేడా ఏమిటంటే, ఏళ్ళ తర్వాత చూసినా రక్తంలో మట్టం అలాగే సున్నా దగ్గరే ఉంటుంది.

ఈ లోపం ఉందని తేలినవాళ్ళకి చికిత్స అక్కర్లేదు, మందులు మింగక్కర్లేదు, ఆపరేషన్లకి భయపడక్కర్లేదు. ముఖ్యంగా స్కోలిన్, మివాక్యూరియం అనే రెండు మందులు వాడకుండా చూసుకోవాలి. వాటి బదులు రోక్యురోనియం లాంటివి ఉన్నాయి, వాటిని వదిలించడానికి ఈ ఎంజైమ్‌తో పని లేదు. పంటి డాక్టరు ఇచ్చే లిగ్నోకెయిన్ సూదికి దీనితో సంబంధం లేదు. మానసిక వైద్యంలో ఇచ్చే కరెంటు చికిత్సకి మాత్రం స్కోలిన్ వాడతారు కాబట్టి అక్కడ కూడా చెప్పాలి.

కాబట్టి నా విన్నపం ఇది. మీ ఇంట్లో, మీ అన్నదమ్ముల్లో అక్కచెల్లెళ్ళలో, మేనత్తల మేనమామల పిల్లల్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి రావడానికి గంటలు పట్టిందన్న మాట ఎప్పుడైనా విని ఉంటే, ఆ మాటని మరిచిపోవద్దు. అప్పటి డిశ్చార్జి కాగితం దొరికితే దాచండి. ఆర్యవైశ్య కుటుంబాలవాళ్ళయితే అలాంటి కథ ఏదీ వినకపోయినా, ఆపరేషన్ ముందు మత్తు డాక్టరుకి ఆ సంగతి మీరే చెప్పండి, సూడోకోలినెస్టరేస్ పరీక్ష గురించి అడగండి. మామూలు రక్త పరీక్షే. ఇంట్లో ఒకరికి లోపం తేలితే అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ కూడా చేయించండి. తేలినవాళ్ళు ఆ రెండు మందుల పేర్లు, స్కోలిన్, మివాక్యూరియం, ఒక చీటీ మీద రాయించుకుని పర్సులో ఎప్పుడూ పెట్టుకోండి. రోడ్డు మీద ప్రమాదం జరిగి, మీరు మాట్లాడలేని స్థితిలో ఆస్పత్రికి చేరినప్పుడు, ఆ చీటీ మీ తరఫున మాట్లాడుతుంది.